గ్రంథాలయం గడప దాటించే తోడు



అపోస్తలుల కార్యములు 8వ అధ్యాయం ఒకసారి తెరవండి. ఇతియోపియా రాణి కోశాధికారి యెరూషలేములో ఆరాధన ముగించి, రథంలో తిరిగి వెళుతున్నాడు. చేతిలో యెషయా ప్రవక్త గ్రంథం ఉంది. చదువు వచ్చినవాడే, ధనమున్నవాడే. అయినా చదివేది బోధపడలేదు. పవిత్రాత్మ ఫిలిప్పును అతని దగ్గరకు పంపాడు. ఫిలిప్పు దారిపక్కన నిలబడి ఉపదేశం చేయలేదు. రథమెక్కి పక్కన కూర్చుని విడమరచి చెప్పాడు. పుస్తకం ఎంత అవసరమో తోడు కూడా అంతే అవసరం. ఇదే ఈ వారం మన పాఠం.

మన వినుకొండ కూడా ఈ సత్యాన్ని చూసింది. మహాకవి గుఱ్ఱం జాషువా 1895లో ఇక్కడే జన్మించారు. క్రైస్తవ కుటుంబంలో పుట్టినా అంటరానితనం ఆయనను వదలలేదు. ఆయన కులంవారికి సంస్కృత విద్య అందని రోజులవి. అటువంటి కాలంలో జూపూడి హనుమచ్ఛాస్త్రిగారు ఆయనకు మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం పాఠం చెప్పారు. ఆ శిష్యుడే తరువాత ‘గబ్బిలం’ రాశారు. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్నారు.

నేడు కులం పేరుతో గ్రంథాలయం తలుపు మూయడానికి చట్టం ఒప్పుకోదు. అయినా మన పిల్లలు ఎందరో గడప దగ్గరే ఆగిపోతున్నారు. మిరపకోతకు, పత్తితీతకు వెళ్ళే తల్లిదండ్రుల బిడ్డ విశ్వవిద్యాలయంలో చేరిందనుకోండి. ఫీజు కట్టాం, హాస్టలుకు డబ్బు పంపాం, మన బాధ్యత తీరిందనుకుంటాం. ఆ అమ్మాయి మాత్రం అంత పెద్ద గ్రంథాలయంలో ఏ బీరువాలో ఏముందో తెలియక, అడిగితే ఏమనుకుంటారోనని సిగ్గుపడి వెనక్కి వస్తుంది. బజారులో గైడు కొని, బట్టీపట్టి పరీక్ష గట్టెక్కుతుంది. పట్టా వస్తుంది, చదువు రాదు.

తల్లిదండ్రులు తెలుసుకోవలసినవి

1. ఊరి గ్రంథాలయం ఎవరో పెట్టిన దానం కాదు. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మనమే కడుతున్నాం. పిల్లలను చిన్నప్పుడే అక్కడికి తీసుకువెళ్ళండి. ఊరి గ్రంథాలయంలో పోయిన బెరుకు విశ్వవిద్యాలయంలో తిరిగి రాదు.

2. కాలేజీలోగాని విశ్వవిద్యాలయంలోగాని చేరిన వారంలోనే లైబ్రరీ కార్డు తీసుకోమనండి. సాధారణంగా పాఠ్యపుస్తకాలు కార్డు మీద ఇంటికి ఇస్తారు. రెఫరెన్సు గ్రంథాలు అక్కడే కూర్చుని చదవాలి. పుస్తకాలు విషయాన్నిబట్టి, నంబరు వరుసలో ఉంటాయి. ఆ నంబరు ఎలా చూడాలో లైబ్రేరియన్‌ను అడగాలి. చెప్పడం ఆయన విధి. అడగడం నామోషీ కాదు.

3. సొంత చదువు కోసం పుస్తకంలో కొంత భాగం జిరాక్సు తీసుకోవడం తప్పేమోనని కొందరు పిల్లలు భయపడతారు. 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షను న్యాయమైన మేరకు దానిని అనుమతిస్తుంది. పుస్తకమంతా అచ్చుగుద్ది అమ్ముకోవడం వేరు, అది తప్పే.

4. ఇంట్లో సెల్‌ఫోను ఉంటే, 2018లో జాతికి అంకితమైన భారత జాతీయ డిజిటల్ గ్రంథాలయంలో ఉచితంగా పేరు నమోదు చేసుకోవచ్చు. సినిమాలు చూసే ఫోనులోనే పాఠాలూ ఉన్నాయని పిల్లలకు చూపించండి.

విచారణలో ఒక ఫిలిప్పు

మాకు చదువు రాదు, మేమేం సాయం చేస్తామని అనవద్దు. మీ విచారణలో డిగ్రీ చదివిన యువకులు, ఉపాధ్యాయులు, కన్యాస్త్రీలు ఉన్నారు. ఈ ఏడాది కొత్తగా కాలేజీలో చేరిన బిడ్డను వారిలో ఒకరికి అప్పగించండి. ఒక్కరోజు వెంటవెళ్ళి, కార్డు రాయించి, ఒక పుస్తకం వెతికి చేతికిస్తే చాలు. రెండోసారి ఆ బిడ్డ తానే వెళుతుంది. కోశాధికారికి కూడా ఫిలిప్పు చివరివరకూ తోడు రాలేదు. దారి తెలిశాక అతడు సంతోషంతో తన దారిన సాగిపోయాడు.

ఇంట్లో కలిసి ఆలోచించండి

మన బిడ్డ ఈ నెలలో గ్రంథాలయానికి ఎన్నిసార్లు వెళ్ళింది? మనం అడిగామా? మన వీధిలో ఎవరి బిడ్డకు మనం తోడు వెళ్ళగలం?

ప్రార్థన: ప్రభువా, చదువుకునే మా బిడ్డలకు పుస్తకాన్ని, తోడును దయచేయుము. ఆ తోడుగా వెళ్ళే మనసు మాకు ప్రసాదించుము. ఆమెన్.