ఏటవాలు కోత - చేతులు జాగ్రత్త



ఆళ్లగడ్డ అనగానే రాతి శిల్పాలు గుర్తుకు వస్తాయి. అయితే ఈ పాఠం చెక్క పని చేసేవారి కోసం, వారి ఇంటివారి కోసం. ఫ్రేముల మూలలు కలపడానికి నంద్యాల, ఆళ్లగడ్డ వడ్రంగులు కూడా కరెంటు మైటర్ రంపం వాడుతున్నారు. 45 డిగ్రీలకు కోసిన రెండు ముక్కలు కలిపితే 90 డిగ్రీల మూల వస్తుంది. పని త్వరగా అవుతుంది. కానీ వేలు పోవడానికి క్షణం చాలు.

ప్రమాదం ఎక్కడ ఉంది?

నేరుగా కోసి కోసి, చెయ్యి ఒకచోట పెట్టడం అలవాటవుతుంది. కోణం తిప్పగానే బ్లేడు ఒక ప్రక్క చేతికి దగ్గరవుతుంది. పైగా ఏటవాలు కోతలో చెక్క జారుతుంది. దానితోపాటు చెయ్యి కూడా బ్లేడు వైపు పోతుంది.

పాటించవలసినవి:

1. కోణం మార్చే ముందు, బ్లేడు మార్చే ముందు ప్లగ్ తీయండి. కోణం తిప్పాక లాక్ బిగించండి.
2. మోటారు వేయకుండా బ్లేడును ఒకసారి క్రిందికి దించి, దేనికీ తగలడం లేదని చూసుకోండి.
3. చెక్కను వెనుక పట్టీకి ఆనించి క్లాంపుతో బిగించండి. చెయ్యి బ్లేడుకు కనీసం 6 అంగుళాల దూరంలో ఉండాలి. చేతులు అడ్డదిడ్డంగా పెట్టవద్దు.
4. "చిన్న ముక్కే కదా సిస్టర్, చేత్తో పట్టుకున్నాను" అని చెప్పినవారికి నేను కట్లు కట్టాను. చిన్న ముక్క కావాలంటే పొడవు చెక్క నుండే కోయండి.
5. బ్లేడు పూర్తి వేగం అందుకున్నాకే దించండి. కోత అయ్యాక స్విచ్ వదలి, బ్లేడు పూర్తిగా ఆగాకే పైకెత్తండి. తెగిన ముక్కను ఆ తరువాతే తీయండి.
6. గార్డును తాడుతో కట్టివేయకండి. కళ్లద్దాలు, మాస్కు పెట్టుకోండి. గ్లౌజులు, వ్రేలాడే చేతులున్న చొక్కా వద్దు.

వేలు తెగితే:

మిషన్ ఆపండి. శుభ్రమైన గుడ్డతో గాయాన్ని గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి ఉంచండి. కాఫీ పొడి, పసుపు వేయకండి. తెగిన వేలిని తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టండి. ఆ సంచిని ఐసు కలిపిన నీళ్లలో ఉంచండి. వేలిని నేరుగా ఐసులో పెడితే పాడైపోతుంది. ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయండి. ధనుర్వాతం ఇంజెక్షను సంగతి డాక్టరుగారిని అడగండి.

అమ్మలారా, పనికి వెళ్లే కొడుకుకు, భర్తకు ఇది చదివి వినిపించండి. క్లాంపు బిగించడానికి అర నిమిషం చాలు. పోయిన వేలుతో మాత్రం ఇంటిల్లిపాది బ్రతుకుతెరువు ముడిపడి ఉంటుంది.