ఆకు వేడిమి – చెట్టు దాహము
(పండ్లతోటలలో నీటి కొరతను ముందుగా గుర్తించు విధము)

చీనీ చెట్టు ఆకు ముడుచుకొన్నదని, దానిమ్మ పిందె రాలుచున్నదని చూచి రైతు మోటారు వేయుటకు పోవునాటికి చెట్టునకు జరుగవలసిన నష్టము చాలవరకు జరిగియే యుండును. ఆకు వాడుట దాహమునకు చివరి గుర్తులలో ఒకటి. అంతకు ముందే చెట్టు మరియొక విధముగా తన కష్టమును తెలుపును. దాని ఆకులు వేడెక్కును. ఈ వేడిని కొలిచి నీరు ఎప్పుడు పెట్టవలెనో, ఒక్కొక్కప్పుడు ఏల పెట్టగూడదో తెలిసికొను విధమును ఇక్కడ వివరించుచున్నాను.

కౌతాళము, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల రైతులకు నీటి విలువ ఒకరు చెప్పనక్కరలేదు. పూర్వపు కర్నూలు జిల్లా సగటు వర్షపాతము ఏడాదికి సుమారు 670 మిల్లీమీటర్లు కాగా, ఈ పడమటి మండలములలో పడునది అంతకంటె తక్కువ. తుంగభద్ర దిగువ కాలువ మన ప్రాంతము గుండా పోవుచున్నది. అయినను 2024 ఆగష్టు 10వ తేదీ రాత్రి తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు కొట్టుకొనిపోయినప్పుడు ఆయకట్టు గ్రామములలో కలిగిన ఆందోళనను ఎవరును మరచిపోలేదు. ఇక కాలువ అందని చోట పండ్లతోట బోరునే నమ్ముకొని బ్రతుకును. ఎండలు ముదిరినకొలది కొన్ని బోరులు రెండు గంటలు పోసి ఆగిపోవును. అట్టి రైతునకు "తోటకు నీరు పెట్టుము" అని చెప్పుట సలహా కానేరదు. ఈ రెండు గంటల నీటిని ఏ చెట్లకు, ఏ దినమున ఇవ్వవలెను? ఆయన అడుగునది అది.

ఆకు ఏల వేడెక్కును? కొత్త మట్టికుండలో నీరు చల్లబడుట మీరందరును ఎరిగినదే. కుండ ఒంటిలోని సన్నని రంధ్రముల గుండా నీరు పైకి ఊరి ఆవిరియగుచు కుండలోని వేడిని తనతో తీసికొనిపోవును. ఆ రంధ్రములు పూడుకొనిపోయిన పాత కుండలో నీరు వెచ్చగానే యుండును. ఆకు పని కూడ ఇట్టిదే. ఆకునందు కంటికి కనిపించని పత్రరంధ్రములు కలవు. వేళ్ళు తెచ్చిన నీరు వాని గుండా ఆవిరియై పోవును. దీనినే బాష్పోత్సేకమందురు. ఒక లీటరు నీరు ఆవిరి యగుటకు సుమారు 580 కిలో కేలరీల వేడి కావలెను. ఏడెనిమిది లీటర్ల చన్నీటిని మరుగు వరకు కాచుటకు పట్టునంత వేడి యది. ఇంత వేడిని ఆకు ప్రతి దినము ఎండలో నిలబడి బయటికి పంపుచున్నది.

నేలలో తేమ తగ్గగానే చెట్టు ఉన్న నీటిని కాపాడుకొనుటకు ఆ రంధ్రములను మూసికొనును. ఆవిరి ఆగిపోవును, ఎండ మాత్రము ఆగదు. అందుచే ఆకు వేడెక్కును. రంధ్రములు మూతపడినందున గాలిలోని బొగ్గుపులుసు వాయువు కూడ లోనికి పోదు. చెట్టు ఆహారము తయారు చేసికొనుట మందగించును. పిందె రాలుటకు, కాయ ఊరకపోవుటకు మూలమిదియే. మన పెద్దలు మధ్యాహ్నవేళ ఆకును అరచేత పట్టి చూచి నీరు పెట్టుట కలదు. అది మంచి అలవాటే గాని, అరచేయి రెండు డిగ్రీల తేడాను నమ్మకముగా చెప్పజాలదు. ఆ తేడాయే మనకు కావలసినది.

ఆకు వేడిమిని బట్టి నీటి అవసరమును లెక్కించు శాస్త్రము కొత్తది కాదు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రమునకు చెందిన టానర్ అను శాస్త్రజ్ఞుడు 1963లోనే దీనిని గురించి వ్రాసెను. అటుపై అరిజోనా రాష్ట్రములో, మనవలెనే ఎండలు మండు ఫీనిక్స్ నగరమున, జాక్సన్, ఇడ్సో మొదలగువారు 1977లో గోధుమ పైరు మీద దీనిని పరీక్షించిరి. 1981లో వారు ఆకు వేడిమికి, గాలి వేడిమికి గల తేడాను గాలిలోని పొడితో సరిచూచి, పైరు దాహమును సున్న నుండి ఒకటి వరకు గల అంకెతో తెలుపు పద్ధతిని ప్రకటించిరి. సున్న యనిన దాహము లేదు. ఒకటి యనిన బాష్పోత్సేకము పూర్తిగా నిలిచినది. ఆ లెక్కకు గాలిలోని తేమను కూడ కొలువవలెను. రైతు స్వయముగా చేసికొనుటకు అంతకంటె సులభమైన దారి కలదు.

ముందుగా పనిముట్టు సంగతి. వస్తువును తాకకుండ దూరము నుండియే దాని వేడిమిని చెప్పు పరారుణ థర్మామీటరు బజారులో రెండు మూడు వేల రూపాయలకు దొరకుచున్నది. 2020లో కరోనా నాడు నుదుట పెట్టి చూచిన పనిముట్టు ఇందుకు పనికిరాదు. అది మనిషి జ్వరము చూచుటకు తయారైనది. ఆకు మీద దాని అంకెను నమ్మరాదు. కార్ఖానాలలో, మోటారు మరమ్మతు చేయు చోట్ల వాడు రకమును కొనవలెను. దాని మీద 12:1 అని యున్నచో, పన్నెండడుగుల దూరము నుండి అడుగు వెడల్పు గల వలయమును అది చూచునని అర్థము. ఎర్రని చుక్క గురికి మాత్రమే. కొలత ఆ చుక్కది కాదు, చుట్టునున్న వలయమంతటిది. కావున చెట్టునకు నాలుగైదు అడుగుల దూరమున నిలిచి, ఆకులు దట్టముగా నున్న చోటనే గురి పెట్టవలెను. ఆకుల సందున నేల కనిపించినచో, మధ్యాహ్నపు నేల నిప్పువలె కాలుచుండును గాన, అంకె పెరిగిపోవును. ఆకాశము కనిపించినచో తగ్గిపోవును. పనిముట్టును మోటారు సైకిలు పెట్టెలో ఎండకు కాగనిచ్చి తీసిన వెంటనే కొలుచుట కూడ తప్పు. తోట చేరిన పిదప పావుగంట నీడలో నుంచవలెను.

ఇక ముఖ్యమైన విషయము సాక్షి చెట్టు. ఆకు వేడిమి ఒక్క నీటిని బట్టియే మారదు. ఎండ, గాలి, మబ్బు అన్నియు దానిని మార్చును. "ఆకు 39 డిగ్రీలున్నది" అనిన ఒంటరి అంకెకు అర్థము లేదు. అందుచే తోటలో ఒక చెట్టును ఎన్నుకొని, దానికి రెండు డ్రిప్పర్లు అదనముగా పెట్టి, దాహమెరుగకుండ చూడవలెను. మిగిలిన చెట్లను అదే వేళ దానితో పోల్చవలెను. సాక్షి చెట్టు మిగిలినవాని రకము, వయస్సు గలదై, కాపు కూడ ఇంచుమించు అంతే కలిగి యుండవలెను. తోటలో కొంత ఎర్రనేల, కొంత నల్లరేగడి యున్నచో రెండింట ఒక్కొక్క సాక్షి ఉండుట మేలు. రేగడిలో సాక్షికి మితిమీరి నీరు పోసి వేరు కుళ్ళించిన, ఆ సాక్షి చెప్పునది అబద్ధపు సాక్ష్యమే యగును.

సాక్షిని, మరి పది చెట్లను ఎన్నుకొని రంగు గుర్తు వేయుడు. ప్రతి సారి అవే చెట్లు. మబ్బులేని దినమున మధ్యాహ్నము 12 గంటల నుండి 2 గంటల లోపల, ఎండ మీ వీపున పడునట్లు నిలిచి, ఎండ తగులు ప్రక్కన ముదిరిన ఆకులపై నాలుగు చోట్ల కొలిచి సగటు కట్టుడు. మబ్బు తునక అడ్డము వచ్చిన అది పోవువరకు ఆగుడు. మందు చల్లిన నాడు, ఆకు తడిగా నున్నప్పుడు కొలువవలదు. ఒకే పనిముట్టుతో అన్ని చెట్లను అరగంట లోపల ముగించినచో, పనిముట్టులో డిగ్రీ రెండు డిగ్రీల తప్పున్నను అన్నింటికి ఒకే విధముగా నుండును గాన పోలికకు అంతగా అడ్డురాదు.

చీనీ విషయమున ఒక చిక్కు కలదు. పొడిగాలి వీచు మధ్యాహ్నమున, వేళ్ళ వద్ద నీరున్నప్పటికిని చీనీ చెట్టు తన పత్రరంధ్రములను కొంత మూసికొనును. అందుచే దాహము గల చెట్టునకు, లేని చెట్టునకు తేడా అంతగా కనిపించకపోవచ్చును. చీనీ రైతులు ఉదయము 10, 11 గంటల నడుమ కూడ ఒకసారి కొలిచి రెండు అంకెలును వ్రాసికొనవలెను. మామిడి వేరు లోతుకు పోవును గాన దాని దాహము మెల్లగా పెరుగును. వారమున కొకసారి చూచిన చాలును.

ఉదాహరణకు ఏప్రిల్ నెలలో ఒక మధ్యాహ్నము సాక్షి చెట్టు 38 డిగ్రీలు, మిగిలిన చెట్ల సగటు 38.6 ఉన్నదనుకొందము. ఈ తేడాను పట్టించుకొన నక్కరలేదు. రెండు దినముల పిమ్మట సాక్షి 37.5, మిగిలినవి 39.3 అయినచో కన్ను వేసి యుంచవలెను. మరునాడు తేడా రెండు డిగ్రీలు దాటినచో నీరు పెట్టవలెను. రెండు డిగ్రీలనునది నా వాడుక మాత్రమే. మీరు మామూలుగా నీరు పెట్టు దినమున తేడా ఎంత ఉన్నదో నాలుగైదు తడులు వ్రాసిన, మీ తోటకు తగిన అంకె మీకే దొరకును. దానిమ్మ రైతులు దీనిని మరింత శ్రద్ధతో చూడవలెను. చాలకాలము బెట్టలో నుంచి ఒక్కసారిగా నీరు పారించిన దానిమ్మ కాయ పగులును. పగిలిన కాయకు అంగడిలో ధర లేదు.

వరుసలో తొమ్మిది చెట్లు చల్లగా నుండి ఒక్కటి మాత్రమే వేడిగా నున్నచో ముందు డ్రిప్పరును చూడుడు. మన బోరు నీటిలో ఉప్పు, సున్నము ఎక్కువగా నున్నచోట డ్రిప్పరు నోరు పూడిపోవుట తరచు జరుగును. దీనికి తోటంతటికి నీరు పెంచుట వృథా. ఆ ఒక్క డ్రిప్పరును మార్చిన సరిపోవును.

డ్రిప్పరు బాగున్నది, పాదు తడిగా నున్నది, అయినను చెట్టు వేడిగా నున్నది. అప్పుడేమి చేయవలెను? ఇక్కడ నేను చేసిన తప్పును చెప్పవలసి యున్నది. రెండేండ్ల క్రిందట ఏప్రిల్ నెలలో కౌతాళమునకు సమీపమున ఒక చీనీ తోటకు పోయితిని. మూడు చెట్లు సాక్షి కంటె నాలుగు డిగ్రీలు వేడిగా నుండెను. నేల త్రవ్వి చూడక, చేతిలోని అంకెనే నమ్మి, వీనికి నీరు చాలలేదు, అదనముగా పెట్టుడని చెప్పి వచ్చితిని. తోట పెద్దాయన మిగిలిన చెట్ల వంతు తగ్గించి ఆ మూడింటికి పోసెను. పది దినములకు మరల పోగా ఆయన కోపపడలేదు. "సార్, మీరు నీళ్లు పెట్టమంటిరి, పెడితిమి. చెట్టు మాత్రం సల్లబడకపాయె" అని మాత్రమనెను. అప్పుడు మొదలు వద్ద మట్టి తీసి చూడగా బెరడు మెత్తబడి, బంక కారుచుండెను. అది మొదలు కుళ్ళు తెగులు. నీరు లోనికి పోవు దారియే చెడినందున ఆకులు దప్పిగొన్నట్లు వేడెక్కినవి. నేను పోయించిన నీరు తెగులునకు బలమైనది. బెరడు గోకి బోర్డో పేస్టు పూసితిమి. ఒక చెట్టు తేరుకొనెను. పన్నెండేండ్ల చెట్లు రెండు ఆ వానకాలము దాటలేదు.

నాటి నుండి వేడి చెట్టును చూచినప్పుడు ముందు పలుగు తీసికొనుచున్నాను. చెట్టు నీడ అంచున, డ్రిప్పరు దగ్గర, మూరెడు లోతు త్రవ్వి మట్టిని పిడికిట పట్టి చూడవలెను. పొడిగా రాలిన అది దాహమే, నీరు పెట్టుడు. ముద్దయగుచున్నచో నీరు ఆపి, మొదలు బెరడును, సన్నని వేళ్ళను పరీక్షింపుడు. చీనీలో బంక తెగులు, దానిమ్మలో ఎండు తెగులు, నులిపురుగులు, వీనిలో ఏది వచ్చినను ఆకు వేడెక్కును. అనుమానము మిగిలినచో ఒక్క తడి ఇచ్చి మూడవనాడు అదే వేళకు కొలువుడు. తేడా తగ్గిన దాహము, తగ్గకున్న వేరు. బంక తెగులు గల తోటలో నీరు మొదలును తాకకుండ రెండు కట్టల పాదు చేయుట మరువరాదు.

చీనీని పూతకు తెచ్చుటకు డిసెంబరులో నీరాపి చెట్టును బెట్టకు గురిచేయునప్పుడు కూడ ఈ కొలత కొంత సహాయపడును. తేలిక నేలలో చెట్టు త్వరగా బెట్టకు వచ్చును, రేగడిలో ఆలస్యమగును. అందరును ఒకే లెక్కగా దినములు లెక్కించుట సరికాదు. సాక్షితో తేడా దినదినము పెరుగుచున్నదా లేదా చూడవచ్చును. అయితే చలికాలపు ఎండ మెత్తన గనుక తేడా చిన్నదిగా నుండును. ఆకు రంగును, రాలుటను కూడ చూచియే నిర్ణయింపుడు.

ఉపగ్రహములు కూడ ఆకాశము నుండి భూమి వేడిమిని కొలుచుచున్నవి కదా యని కొందరడుగుదురు. 2013లో ఎగిరిన లాండ్‌శాట్ 8 వేడిమిని చూచు కనీసపు గడి నూరు మీటర్లు, అనగా రెండున్నర ఎకరములు. మన రెండెకరముల తోట దానికి ఒక చుక్క. డ్రోనుకు వేడిమి కెమెరా కట్టి ఒక్కొక్క చెట్టును చూడవచ్చును గాని, ఖర్చు పెద్దది.

గ్రామాధికారులకు ఒక మాట. ప్రతి రైతు పనిముట్టు కొననక్కరలేదు. నలుగురైదుగురు తోట రైతులు కలిసి ఒకటి కొనునట్లు, దానితో పాటు ఒక నోటుపుస్తకము పెట్టునట్లు చూడుడు. తేదీ, వేళ, సాక్షి వేడిమి, పది చెట్ల వేడిమి, మోటారు నడచిన గంటలు, త్రవ్విన చోట మట్టి తీరు, ఇవి చాలును. సాక్షి చెట్టును ఎన్నుకొనుటకు మాఘమాసము తగిన కాలము. శివరాత్రి దాటి ఎండ ముదురునాటికి కనీసము మూడు నాలుగు తడుల అంకెలు ఆ పుస్తకములో ఉండవలెను.