బలమైన చెట్టుకు పురుగు రాదా? పైన్ అడవి చెప్పిన జవాబు



"నేల బాగుంటే మొక్క బలంగా ఉంటుంది, బలమైన మొక్కకు పురుగే రాదు." ఈ మాట నేను చాలా చోట్ల చెప్పాను. 2021లో నల్ల తామర పురుగు మిరప మీద పడ్డప్పుడు, నా మాట నమ్మి ప్రకృతి పద్ధతిలో మిరప వేసిన మా పక్క పొలం పెద్దాయన, పూత రాలిన చేలో నిలబడి ఒక్కటే అడిగాడు: "ఏరా అబ్బాయ్, రాదన్నావు గదా?" నా దగ్గర జవాబు లేదు. దాని కోసం వెతుకుతుంటే కెనడా అడవుల మీద జరిగిన పరిశోధన కంటబడింది. వీడియోలో క్లుప్తంగా చెప్పాను, ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

వాంకూవర్‌లోని బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీలో యోర్గ్ బోల్‌మన్ అనే శాస్త్రవేత్త ఉన్నారు. పైన్, స్ప్రూస్ లాంటి సూదాకు చెట్లు పురుగుల్ని ఎలా తట్టుకుంటాయన్నదే ఆయన పని. ఈ చెట్లు వందల ఏళ్ళు ఒకేచోట నిలబడతాయి. పురుగుకేమో ఏడాదికో తరం మారిపోతుంది. అయినా చెట్టు ఎలా నెగ్గుకొస్తోంది?

చెట్టు దగ్గర ఉన్నది ఏమిటి?

జిగురు. పెయింటు పనివాళ్ళు వాడే టర్పెంటైన్ దీన్నుంచే వస్తుంది. మన తుమ్మ బంక నీళ్ళలో కరుగుతుంది, ఇది కరగదు. బెరడుకు పురుగు కన్నం పెట్టగానే జిగురు పొంగి పురుగును బయటికి తోసేస్తుంది, లేదా అందులోనే ముంచేస్తుంది. తర్వాత గట్టిపడి గాయాన్ని మూసేస్తుంది. అందులో ఉండే టెర్పీన్లు పురుగుకూ బూజుకూ విషం. అవి ఒకటి రెండు కాదు, పదుల రకాలు. వాటిని తయారుచేసే జన్యువులు కూడా ఒక పెద్ద కుటుంబమే.

ఇది ముందే నిల్వ ఉన్న సరుకు. దెబ్బ తగిలాక చెట్టు ఇంకో పని కూడా చేస్తుంది. కొత్తగా పెరిగే కర్రలో కొత్త జిగురు గొట్టాలు కట్టుకుంటుంది. బోల్‌మన్, ఆయన తోటివాళ్ళు 2002లో ప్రచురించిన ప్రయోగంలో స్ప్రూస్ మొక్కలకు మిథైల్ జాస్మోనేట్ ఇచ్చారు. జాజిపూల నూనెలో దొరికే పదార్థమే ఇది. పురుగు లేదు, గాయం లేదు. అయినా మొక్క కొత్త గొట్టాలు కట్టింది, జిగురు పెంచింది. అంటే చెట్టు లోపల "దాడి జరుగుతోంది" అని చెప్పే కబురు అలాంటిదన్నమాట. కానీ ఆ గొట్టాలు పూర్తిగా తయారవడానికి వారాలు పడుతుంది. పైగా జిగురు ఊరికే రాదు, చెట్టు తన తిండిలోంచే తీసి పెట్టాలి.

మరి అడవులెందుకు ఎండిపోయాయి?

బ్రిటిష్ కొలంబియాలో 1990ల చివరి నుంచి బెరడు తొలిచే పెంకుపురుగు విజృంభించింది. 1.8 కోట్ల హెక్టార్లకు పైగా అడవి దాని బారిన పడింది. ఈ పురుగు చెట్టు జిగురులోని పదార్థాన్నే మార్చి, తోటి పురుగుల్ని పిలిచే వాసనగా వాడుకుంటుంది. వందల పురుగులు ఒక్కసారిగా ఒకే చెట్టు మీద పడితే జిగురు చాలదు. పైగా అది తన వెంట ఒక బూజును మోసుకొస్తుంది. బోల్‌మన్, కొలెట్ బ్రూయిల్ బృందాలు 2011లో ఆ బూజు జన్యు పటాన్ని ప్రచురించాయి. చెట్టు పెట్టిన విషాన్ని తట్టుకునే ఏర్పాటు ఆ బూజు దగ్గర ఉంది!

దీనికి తోడు చలికాలాలు వెచ్చబడి పురుగు చావలేదు. ఒకే వయసు పైన్ చెట్లు మైళ్ళ కొద్దీ ఉండేసరికి దానికి విందు దొరికింది. కరువుకు నీరసించిన చెట్లు ముందు పడిపోయాయి.

అదే రాష్ట్రంలో ఇంకో సంగతీ ఉంది. స్ప్రూస్ చిటారు కొమ్మను తినే ముక్కు పురుగును కొన్ని చెట్లు బాగా తట్టుకుంటాయి. తట్టుకునే ఒక చెట్టు రకంలో 3-కారీన్ అనే టెర్పీన్ ఎక్కువగా ఉందనీ, తట్టుకోలేని రకంలో దాన్ని తయారుచేసే ఒక జన్యువు లేదనీ ఈ బృందమే చూపించింది. చెట్టు బలం నేల ఒక్కదాని నుంచే రాదు, విత్తనంలోంచి కూడా వస్తుంది.

నేను దిద్దుకున్న మాట

పైన్ చెట్టూ మిరప మొక్కా ఒకటి కావు. జిగురు గొట్టాలు మిరపకు ఉండవు. కానీ లెక్క ఒకటే. బలమైన మొక్క అంటే పురుగు రాని మొక్క కాదు. వచ్చినప్పుడు ఎదురు తిరగడానికి నిల్వ, సమయం రెండూ ఉన్న మొక్క. ఆ నిల్వ కోసం జీవామృతం, ఆచ్ఛాదన, సమయానికి తడి. ఆ సమయం కోసం అంతర పంటలు, గట్ల మీద రకరకాల మొక్కలు, పొద్దున్నే చేలో ఒక చుట్టు. మంద పడ్డాక కషాయం పట్టుకుని పరిగెత్తితే అప్పటికే ఆలస్యం.

పెద్దాయనకు ఇదంతా చెప్పాను. "అదేదో ముందే చెప్తే ఎకరం కాకుండా పావెకరం వేసేవాణ్ణి గదరా" అన్నాడు. అందుకే ఇప్పుడు కొత్త రైతు ఎవరడిగినా ముందే చెబుతున్నాను: పురుగు వస్తుంది. మొదటి ఏడాది కొద్దిగా వేసి చూడండి, ఆకు తిప్పి చూడటం అలవాటు చేసుకోండి.