చెయ్యి కంటే ముందు కన్ను

— బి.ఎస్సి. తృతీయ సంవత్సరం విద్యార్థి

ఈ సంచికకు చదరంగం మీద ఒక వ్యాసం వ్రాసి ఇమ్మని సంపాదకవర్గంలోని మిత్రుడు అడిగినప్పుడు, "బాగా ఆడేవాళ్ళను అడగరాదూ" అన్నాను. "బాగా ఆడేవాళ్ళు గెలుస్తారు. ఎందుకు ఓడతారో వాళ్ళకేం తెలుసు? నువ్వయితే ఓడినవాడివి, నువ్వే వ్రాయి" అన్నాడు. మాట కటువే గానీ అబద్ధం కాదు.

ఈ ఏడాది ఆన్‌లైన్‌లో జరిగిన కళాశాలల పోటీలో మన జట్టు సెమీఫైనల్లో ఓడిపోయిన సంగతి చాలామందికి తెలుసు. ఎలా ఓడిందో తెలిసినవాళ్ళు తక్కువ. జట్టుకు నలుగురం. మిగతా ముగ్గురి ఆటలూ ముగిసేసరికి ఒక గెలుపు, ఒక డ్రా, ఒక ఓటమి. లెక్క సమానం. ఇక తేల్చవలసింది నా ఆటే. ఎత్తుకు అయిదు సెకన్లు కలిసే పది నిమిషాల ఆట అది. నాకు ఒక ఏనుగు ఎక్కువ, గడియారంలో ఇంకా నాలుగు నిమిషాలు మిగిలే ఉన్నాయి. మంత్రితో షా చెప్పాను. అంతకు ముందు రెండుసార్లు షా చెబితే అవతలివాడు రాజును పక్కకు జరిపాడు. మూడోసారీ జరుపుతాడులే అనుకుని, అతని ఎత్తు రాకముందే నా తరువాతి ఎత్తు వేసి ఉంచాను. అతను రాజును జరపలేదు. బిషప్పును అడ్డం పెట్టాడు. నేను ముందే వేసి ఉంచిన ఎత్తు రెప్పపాటులో నడిచి, నా మంత్రి నేరుగా ఆ బిషప్పు దారిలోకి వెళ్ళి నిలబడింది. డెబ్భై ఎత్తులు ఆడి తన ఆట గెలిచిన మొదటి సంవత్సరం అమ్మాయి నా వెనకే నిలబడి చూస్తోంది. ఏమీ అనలేదు. అన్నా బాగుండేది.

ఇలా ముందుగా వేసి ఉంచే ఎత్తును ప్రీమూవ్ అంటారు. అవతలివాడు ఏది వేసినా సరే, నియమానికి విరుద్ధం కాకపోతే చాలు, మన ఎత్తు దానంతటదే పడిపోతుంది. గడియారంలో అయిదారు సెకన్లే మిగిలినవాడికి అది ప్రాణదానం. నాలుగు నిమిషాలున్నవాడికి దాని అవసరం ఏమిటి? ఆ రాత్రంతా నన్ను తొలిచిన ప్రశ్న ఇదే.

వేగం వేరు, తొందర వేరు అని నాకు తరువాత బోధపడింది. హికారు నకమురా వంటివారు ఒక్క నిమిషం ఆటలో కూడా చూసేవాళ్ళు నోరు తెరిచేలా ఆడతారు. ఆ వేగం వెనక వేలాది ఆటల జ్ఞాపకం ఉంది. వాళ్ళు చూడకుండా వేయరు, తొందరగా చూస్తారు. నాబోటివాడు చూడకుండా వేస్తాడు. పైకి రెండూ ఒకేలా కనబడతాయి, అంతే.

మనం సైన్సు విద్యార్థులం గనుక ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక ఆటకు సుమారు నలభై ఎత్తులనుకోండి. అదనపు సెకన్లు లేని మూడు నిమిషాల ఆటలో ఎత్తుకు 4.5 సెకన్లు వస్తాయి. పదిహేను నిమిషాల ఆటలో ఎత్తుకు పది సెకన్లు కలిస్తే మొత్తం 1300 సెకన్లు, అంటే ఎత్తుకు 32.5 సెకన్లు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2019లోనూ 2024లోనూ మహిళల ప్రపంచ ర్యాపిడ్ కిరీటం గెలిచినది ఈ రెండో లెక్కన ఆడే ఆటలోనే. అదే ఆట మన ఫోనులోనూ దొరుకుతుంది. కానీ మన హాస్టల్లో ఎవరిని చూసినా మూడు నిమిషాల ఆటే. నాలుగున్నర సెకన్లలో ఆలోచించడం నేర్చుకోలేం. అప్పటికి వచ్చినదాన్ని వాడుకోవడమే చేయగలం. నాకు అప్పటికి వచ్చింది ఎంత గనుక!

చెక్కబల్ల మీద ఆడేటప్పుడు ఈ తొందరకు సహజంగానే కొన్ని అడ్డుకట్టలు ఉంటాయి. చెయ్యి చాపాలి, పావును ఎత్తాలి, పెట్టాలి, గడియారం నొక్కాలి, పోటీలో అయితే ఎత్తును కాగితం మీద వ్రాయాలి. అన్నిటికీ మించి, కావాలని ముట్టుకున్న పావునే కదపాలన్న నియమం ఉంది. ఆ భయం చేతిని ఆపుతుంది. మా ఊళ్ళో రామాలయం అరుగు బండ మీద పులి-మేక గీతలు చెక్కి ఉన్నాయి. మూడు పులులు, పదిహేను మేకలు. మేకల పక్షం వాడు ఒక్కొక్క మేకనే పెట్టుకుంటూ రావాలి, అన్నీ పెట్టేదాకా పెట్టినదాన్ని కదిపే వీల్లేదు. మా తాతయ్య చింతగింజను గీతల కూడలి మీద ఆనించి, రెండు వేళ్ళూ దాని మీదే ఉంచి, చుట్టూ ఒకసారి చూసేవాడు. పులి ఎటునుంచి దూకుతుందో చూసుకున్నాకే వేళ్ళు తీసేవాడు. "చెయ్యి తీశాక అది నీ మేక కాదురా, పులి మేక" అనేవాడు. ఫోనులో ఆ రెండు వేళ్ళు ఆనించే సమయమే లేదు. తాకడం, పెట్టడం, వదలడం మూడూ ఒకటే అయిపోయాయి. ఆ పోయిన విరామాన్ని ఎవరికి వారు కల్పించుకోవలసిందే.

ఇది నాలాంటి చిల్లర ఆటగాళ్ళ బాధ మాత్రమే అనుకోకండి. 2006 నవంబరులో జర్మనీలోని బాన్ నగరంలో, అప్పటి ప్రపంచ ఛాంపియన్ వ్లాదిమిర్ క్రామ్నిక్ డీప్ ఫ్రిట్జ్ అనే కంప్యూటర్ ప్రోగ్రాముతో ఆడాడు. రెండో ఆట 34వ ఎత్తులో తన మంత్రిని ముందుకు తెచ్చి మార్పిడికి పిలిచాడు. మరుక్షణం యంత్రం తన మంత్రిని హెచ్7 గడిలో పెట్టింది. ఒక్క ఎత్తులో ఆటకట్టు! ఆ మంత్రికి దన్నుగా ఎఫ్8 గడిలో గుర్రం ఉంది. గుర్రం అక్కడ నిలబడి ఆటకట్టుకు సాయపడటం అరుదు. అలవాటు లేని చోట ప్రమాదం ఉంటే ఎంతటి కన్నయినా జారిపోతుందన్నమాట.

దీనికంటే నాకు ఎక్కువ పాఠం చెప్పినవి మరో రెండు ఆటలు. 2014 నవంబరులో సోచీలో ప్రపంచ టైటిల్ పోరు ఆరో ఆట. మాగ్నస్ కార్ల్‌సన్ 26వ ఎత్తులో రాజును తప్పు గడిలోకి జరిపాడు. ఆనంద్ తన గుర్రంతో ఇ5 బంటును కొట్టి ఉంటే ఆట తిరగబడేది. కానీ ఆనంద్ ఆ అవకాశాన్ని గమనించలేదు. తాను అనుకుంటూ ఉన్న ప్రకారం పక్కనున్న బంటును నడిపాడు, చివరికి ఆ ఆట ఓడాడు. రెండోది 2024 డిసెంబరు 12న సింగపూరులో, ప్రపంచ టైటిల్ పోరు చివరిదైన పద్నాలుగో ఆట. అప్పటికి స్కోరు 6.5–6.5. డింగ్ లిరెన్ 55వ ఎత్తులో ఏనుగును ఎఫ్2కు తెచ్చి మార్పిడికి పిలిచాడు. ఏనుగులు మారాక బిషప్పుల మార్పిడి కూడా తప్పదు. ఇక మిగిలేది రాజులూ బంట్లూ. ఒక బంటు ఎక్కువున్న నల్లపక్షానిదే గెలుపు. ఎదురుగా ఉన్నది దొమ్మరాజు గుకేష్, చెన్నైలో పెరిగిన తెలుగింటి కుర్రవాడు, వయసు పద్దెనిమిది. తనకు కూడా మొదట ఆ తప్పు కనిపించలేదనీ, ఇంకో ఎత్తు వేయబోయి ఆగాననీ అతనే తరువాత చెప్పాడు. ఆగాడు, చూశాడు, ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు.

ఆనంద్ మన దేశంలో ఈ ఆటకే పెద్దదిక్కు. ఆయన తప్పెంచే అర్హత నాకు లేదు. కానీ ఈ రెండు ఆటలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే నా జబ్బేమిటో తెలిసింది. నేను అవతలివాడి ఎత్తుకు జవాబు వేయడం లేదు. నా మనసులో ముందే ఉన్న ఎత్తును, వాడి వంతు అయిపోగానే వేస్తున్నాను.

నిజమో కాదో తేల్చుకుందామని ఒక నోటుబుక్కు పెట్టాను. ఆట అయిపోయాక ఏ ఎత్తుకు ఎంతసేపు పట్టిందో, ఎక్కడ ఘోరమైన తప్పు జరిగిందో ఈ సైట్లు గీత గీసి చూపిస్తాయి. అరవై ఆటలు వ్రాసుకున్నాను. వాటిలో 31 ఓడాను. ఆ ముప్ఫై ఒకటిలో 22 ఆటలు పోగొట్టిన ఎత్తు నాలుగు సెకన్లలోపు వేసింది. ఆ 22లో 14 ఆటల్లో నా సమయం సగానికి పైగా మిగిలే ఉంది. మిగిలిన తొమ్మిదీ బాగా ఆలోచించి మరీ చేసిన తప్పులు. వాటికి ఈ వ్యాసంలో మందు లేదు.

మందు ప్రయోగశాలలో దొరికింది. యాసిడ్-బేస్ టైట్రేషన్ చేసేటప్పుడు బ్యూరెట్‌లోని ద్రావణాన్ని మొదట్లో ధారగానే వదులుతాం కదా. ఫినాఫ్తలీన్ గులాబీరంగు మెరిసి మాయమవడం మొదలయ్యాక ఒక్కొక్క చుక్కే. అక్కడ తొందరపడితే ఒక్క చుక్కతో రీడింగు పోతుంది. మొదటినుంచీ చుక్కచుక్కగా వదిలేవాడు మాత్రం గంట కొట్టేసరికి సగం పని కూడా చేయడు. చదరంగంలో కూడా ప్రతి ఎత్తుకూ అరనిమిషం పట్టనక్కరలేదు. తెలిసిన ప్రారంభపుటెత్తులు ధారగా వదలవచ్చు. గులాబీరంగు మెరిసేదెక్కడో కనిపెట్టాలి. అవతలివాడు నేను ఊహించనిది వేసినప్పుడు, పావులు ఎదురెదురుగా నిలిచి కొట్టుకోబోయేటప్పుడు, మంత్రులు మారబోయేటప్పుడు, మరి ముఖ్యంగా "ఇక గెలిచేశాను" అనిపించినప్పుడు. నా 22 ఆటల్లో ఈ చివరి రకమే ఎక్కువ.

అక్కడ ఏం చేయాలి? పాత సోవియట్ ఆటగాడు బ్లూమెన్‌ఫెల్డ్ పేరు మీద ఒక పద్ధతి ఉంది. ఆలోచన అంతా అయ్యాక ఎత్తును కాగితం మీద వ్రాయి, వెంటనే వేయకు, బల్లను కొత్తగా ఆట నేర్చుకున్నవాడి కళ్ళతో ఒకసారి చూడు అని. గ్రాండ్‌మాస్టర్ కోతోవ్ తన పుస్తకంలో దీన్ని గట్టిగా సిఫారసు చేశాడు. ముందుగా వ్రాయడాన్ని ఇప్పటి పోటీ నియమాలు ఒప్పుకోవు గానీ ఆ చూపును ఎవరూ నిషేధించలేదు. నేను చేసేది ఇంతే. వాడి ఎత్తు పడగానే కుడిచేతిని బల్ల మీద బోర్లా పెడతాను. వాడి పావు ఇప్పుడు దేన్ని చూస్తోంది, కదలక ముందు దేన్ని కాపాడేది, ఇప్పుడు ఏది ఒంటరయింది అని చూస్తాను. నా ఎత్తు తేల్చుకున్నాక, అది వేసేస్తే వాడు షా చెప్పగలడా, ఏదైనా కొట్టగలడా అని మరోసారి చూస్తాను. అప్పుడే చెయ్యి లేస్తుంది. మొదట్లో విసుగే. వారం తిరిగేసరికి మూడు నాలుగు సెకన్ల పని. సెట్టింగులలో ప్రీమూవ్‌ను తీసేశాను. వేసిన ఎత్తును ఇంకోసారి నొక్కి ఖాయం చేస్తేనే నడిచే సదుపాయం కూడా ఉంది, దాన్ని పెట్టుకున్నాను. ఎత్తు వెనక్కి ఇమ్మని అవతలివాణ్ణి బతిమాలడం మాత్రం మానేశాను. ఇస్తాడన్న ఆశ ఉంటే కన్ను బద్ధకిస్తుంది.

అరవై ఆటలు మళ్ళీ వ్రాశాను. ఈసారి ఆ రకం ఓటములు 22 నుంచి 9కి దిగాయి. ప్రత్యర్థులు వేరు, ఆటల నిడివి కూడా పెంచాను గనుక మా ఫిజిక్సు మాష్టారు దీన్ని ప్రయోగమంటే ఒప్పుకోరు. ఆయనకు చూపించలేదు కూడా.

ఇంకొక్క సంగతి చెప్పకపోతే దాచినట్లవుతుంది. తప్పుడు ఎత్తు ఆటలోనే పుట్టదు, ఒక్కోసారి వెనకటి ఆటలో పుడుతుంది. ఓడిన మంటలో "కొత్త ఆట" అని నొక్కుతామే, అదే అన్నిటికంటే తొందరపాటు ఎత్తు. రేటింగు పడిపోయిందన్న బాధ అది. ఈ రేటింగు పద్ధతికి మూలపురుషుడు ఆర్పాడ్ ఎలో, మనలాగే సైన్సు మనిషి, అమెరికాలో ఫిజిక్సు ప్రొఫెసరు. ఆయన లెక్క ఆటగాడి బలాన్ని అంచనా వేయడానికి, మన నిద్ర చెడగొట్టడానికి కాదు. మొన్న సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు నాన్న నన్ను మిరపచేలో నీళ్ళు కట్టమని పంపాడు. గట్టు మీద కూర్చుని "ఒక్క మూడు నిమిషాలు" అనుకున్నాను. ఓడాను. ఇంకొకటి. మళ్ళీ ఓడాను. తల ఎత్తేసరికి మడవ తెగి నీళ్ళన్నీ డొంకలోకి పారుతున్నాయి. నాన్న వచ్చి పలుగూపారా తీసుకుని మడవ కట్టాడు. అంతా అయ్యాక, "మూడు నిమిషాల ఆటన్నావు, గంటన్నర కరెంటు పోయింది కదరా" అన్నాడు. అంతే అన్నాడు. ఆ చివరి సాలు మొక్కలకు ఆ రోజు నీళ్ళందలేదు. అప్పటినుంచి వరుసగా రెండు ఓడితే ఫోను పెట్టెలో పెట్టేస్తున్నాను.

మన కామన్ రూములో చెక్కబల్లలు రెండున్నాయి. ఒకదానిలో నల్లగుర్రం పోయింది, సిరాబుడ్డి మూతతో ఆడుతున్నాం. శనివారం సాయంత్రం నాలుగు గంటలకు నేనూ, ఆ మొదటి సంవత్సరం అమ్మాయీ, మరో ఇద్దరూ కూర్చుంటున్నాం. ముట్టుకుంటే కదపాల్సిందే, వెనక్కి తీసుకోవడం లేదు. ఆమె చేతిలో ఇప్పటికి నాలుగుసార్లు ఓడాను. ఎవరైనా రావచ్చు. ఆ నల్లగుర్రం ఎవరి గదిలోనైనా కనబడితే పట్టుకు రండి.