అప్‌డేట్ మధ్యలో ఫోన్ ఆగిపోతే?

ప్రశ్న: అప్‌డేట్ సగంలో ఛార్జింగ్ అయిపోతే ఫోన్ పాడవుతుందేమోనని వాయిదా వేస్తున్నాను. నిజంగా ప్రమాదమా?

జవాబు: పాత ఫోన్లలో ఆ భయం న్యాయమే. 2016లో ఆండ్రాయిడ్ 7తో గూగుల్ ఏ/బీ పద్ధతి తెచ్చింది. సిస్టమ్‌కు రెండు అరలు. మీరు ‘ఏ’ వాడుతుండగానే కొత్త వెర్షన్ ‘బీ’లోకి చేరుతుంది. అంతా రాసి, సరిచూశాకే రీస్టార్ట్‌లో ‘బీ’ మొదలవుతుంది. మధ్యలో ఆగినా ‘ఏ’ చెక్కుచెదరదు. ‘బీ’ తెరుచుకోకపోతే ఫోన్ తిరిగి ‘ఏ’కే వస్తుంది. చాలా గొప్ప ఏర్పాటిది! అయితే దీన్ని అన్ని కంపెనీలూ వెంటనే అనుసరించలేదు. ఫోన్ వాడుతుండగానే అప్‌డేట్ ఇన్‌స్టాల్ అయి, చివర్లో రీస్టార్ట్ మాత్రమే అడిగితే మీది ఈ పద్ధతే. ఫొటోలకు మాత్రం రెండో అర ఉండదు. వాటిని బ్యాకప్ చేసుకుని, భద్రతా అప్‌డేట్లను వెంటనే వేయండి.