మామ్మగారు చీకట్లో ఎందుకు తూలుతారు?

"కళ్ళు తిరిగి పడిపోయాను డాక్టరుగారూ" అని పెద్దవయసు స్త్రీలు మాతో అంటూ ఉంటారు. నిదానంగా అడిగితే కొందరికి అసలు కళ్ళు తిరగలేదనీ, రాత్రివేళ పెరట్లోకి వెళ్తూ తూలిపడ్డారనీ తెలుస్తుంది. ఈ రెండూ వేరు. తూలు ఎందుకు వస్తుందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

మనం పడిపోకుండా నిలబడటానికి మూడు ఆధారాలున్నాయి.

1. కళ్ళు: గడప ఎంత ఎత్తుందో, నేల ఎక్కడ పల్లంగా ఉందో చెబుతాయి.
2. లోపలి చెవి: తల ఎటు వంగిందో చెబుతుంది.
3. పాదాలు, కీళ్ళు: కాలి కింద నేల గట్టిదో మెత్తనిదో చెబుతాయి.

ఈ మూడింటి కబుర్లూ కలిపి కండరాలను నడిపించేది మెదడు.

వయసు పైబడేకొద్దీ పాదాల స్పర్శ, లోపలి చెవి పనితనం తగ్గుతాయి. షుగరు ఉన్నవారిలో స్పర్శ ఇంకా ముందే తగ్గవచ్చు. అప్పుడు మెదడు కళ్ళమీదే ఎక్కువగా ఆధారపడుతుంది. శుక్లం వచ్చినా, కరెంటు పోయినా ఆ ఆధారమూ పోతుంది. పాదాల స్పర్శ పోయిన రోగులు కళ్ళు మూసుకోగానే తూలడం 19వ శతాబ్దంలోనే జర్మనీ వైద్యుడు రోంబర్గ్ గమనించి రాశారు. ఆయన పేరుతో ఆ పరీక్ష నేటికీ చేస్తున్నారు.

పెద్దవయసులో నడకకు మెదడు ఎక్కువ శ్రమపడాలి. నడుస్తుండగా మాట్లాడితే ఆగిపోయే వృద్ధులు తరువాతి ఆరు నెలల్లో ఎక్కువగా పడిపోయారని స్వీడన్ పరిశోధకులు 1997లో తెలిపారు. స్త్రీలకు ముట్లు ఆగిన తరువాత ఎముకలు గుల్లబారతాయి కనుక చిన్న పాటుకే తుంటి విరగవచ్చు.

ఇక మనం చేయవలసినవి:

• శుక్లం బాగా ముదిరేదాకా ఆగవద్దు. ఇంగ్లండులో 70 ఏళ్ళు దాటిన 306 మంది స్త్రీలపై జరిగిన అధ్యయనం 2005లో వెలువడింది. మొదటి కంటికి త్వరగా ఆపరేషన్ చేయించుకున్నవారిలో, ఆపరేషన్ కోసం వేచి ఉన్నవారికంటే పడిపోవడం 34 శాతం తగ్గింది. 1976లో మొదలైన జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం కింద ఈ ఆపరేషన్ ఉచితంగా చేస్తారు.

• మంచం పక్కన టార్చిలైటు ఉంచండి. లేచి కాసేపు కూర్చుని, తరువాత నిలబడండి.

• దగ్గరచూపు, దూరపుచూపు కలిసిన కళ్ళజోడుతో మెట్లు దిగేటప్పుడు కింది అద్దంలోంచి మెట్టు మసకగా కనిపిస్తుంది. తల వంచి పై అద్దంలోంచి చూడండి.

• చర్చి మెట్లమీద మాటలు వద్దు. మాట ముగించి, రెయిలింగు పట్టుకుని దిగండి. మామ్మగారు బిందెతో నడుస్తుంటే వెనకనుంచి పిలవకండి.

• వానాకాలంలో మన పెనుగొండ చుట్టుపక్కల పెరళ్ళకూ, కాలువ రేవులకూ నాచు పడుతుంది. పెరట్లో నాచు గీకించండి.

• రోజూ వంటగట్టు పట్టుకుని పదిసార్లు మడమలెత్తి దించండి. పక్కన ఒకరు ఉండాలి.

నిజంగానే కళ్ళు తిరిగినా, మాట ముద్దగా వచ్చినా, ఒకవైపు కాలుచెయ్యి పట్టు తప్పినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. ఈ పాఠం ఇంట్లో కొడుకులకు, కోడళ్ళకు, మనవలకు కూడా చదివి వినిపించండి.