గూటి నుంచి పడిన పాములగద్ద పిల్ల

ఈసారి గోడపత్రికలో సైన్సు వ్యాసం నా వంతు వచ్చింది. మొన్న వేసవి సెలవుల్లో మా ఊళ్ళో జరిగినదే పాఠంగా రాస్తున్నాను. ఇందులో నేను చేసిన తప్పులు కూడా ఉన్నాయి. నవ్వుకుంటే నవ్వుకోండి గానీ చివరిదాకా చదవండి.

మాది పాడేరు పైన కొండల్లో చిన్న ఊరు. ఊరి కింద గెడ్డ పారుతుంది. గెడ్డ ఒడ్డున ఒక పెద్ద ఏరుమద్ది చెట్టు కలదు. మే నెల మొదట్లో ఒక రాత్రి గాలివాన వచ్చి ఆ చెట్టు కొమ్మ విరిగింది. తెల్లారి నీళ్ళకి వెళ్తే కొమ్మతోపాటు పుల్లల గూడు కింద పడి ఉంది. పక్కనే కోడిపెట్టంత పక్షిపిల్ల. ఈకలు సగం వచ్చాయి, సగం ఇంకా నూగే. ఒక రెక్క వేలాడుతోంది. దాని మీద రక్తం, రక్తానికి చీమలు. కాకులు చుట్టూ చేరి పొడుస్తున్నాయి.

మా తమ్ముడు కర్ర ఎత్తాడు. "కోడిపిల్లల్ని ఎత్తుకుపోయే గద్దే, కొట్టేద్దాం" అన్నాడు. తాత వాడి చెయ్యి పట్టుకున్నాడు. "ఆ గద్ద వేరురా. దీని ముక్కు మొదట్లో పసుపు చూడు. ఇది పాముల్ని తినేది" అన్నాడు.

పుస్తకాల్లో దీనిని నల్లపాముల గద్ద అంటారు. ఊరి మీద తిరిగి కోడిపిల్లల్ని తన్నుకుపోయే మామూలు గద్దకు తోక చివర చీలి ఉంటుంది. పాములగద్ద ఎగిరేటప్పుడు కింద నుంచి చూస్తే రెక్కల అంచు వెంట వెడల్పైన తెల్ల పట్టీ కనిపిస్తుంది. ఈల వేసినట్టు అరుస్తుంది. పాములు, తొండలు, కప్పలు దీని తిండి. సాధారణంగా ఒకటే గుడ్డు పెడుతుంది. సుమారు 40 రోజులు పొదుగుతుంది. పిల్ల ఎగరడానికి ఇంకా 2 నెలలు పడుతుంది. అనగా ఆ పిల్ల పోతే ఆ జంటకి ఆ ఏడాది పిల్ల లేనట్టే.

పిల్లని ఇంటికి తెచ్చాము. అమ్మ నన్ను చూసి "నువ్వు ఎనిమిది చదివేసావు కదా, ఏం చెయ్యాలో చెప్పు" అంది. మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటి మనిషిని నేనే. నాకు తెలీదు అని చెప్పడానికి సిగ్గు వేసింది. అందరూ నా వైపే చూస్తున్నారు. కాబట్టి తెలిసినట్టే చేశాను. ముక్కు తెరిచి గరిటెతో నీళ్ళు పోశాను. అన్నం ముద్ద పెట్టాను. చలికి వణుకుతోందని తమ్ముడిని గుండెలకి గట్టిగా పట్టుకోమన్నాను. కాసేపటికి పిల్ల ముక్కు తెరిచి ఎగపోస్తూ తల వాల్చేసింది. నాకు ఏడుపు వచ్చింది. అప్పుడు ఒప్పుకున్నాను, నాకు తెలీదని.

ఎవ్వరూ ఏమీ అనలేదు. మా మామ కొండ మీదికి ఎక్కాడు, అక్కడైతేనే ఫోనుకి సిగ్నల్ వస్తుంది. పశువుల డాక్టరు గారికి, ఫారెస్టు వాళ్ళకి చెప్పాడు. డాక్టరు గారు ఫోనులో చెప్పినట్టు పిల్లని అట్టపెట్టెలో గోనెగుడ్డ మీద పెట్టి, మూత వేసి, గాలికి కన్నాలు పొడిచి, చప్పుడు లేని మూలన ఉంచాము. చీకటిగా ఉంటే పక్షి భయపడదు. తీగల పంజరం అయితే కొట్టుకుని ఈకలు విరగ్గొట్టుకుంటుంది.

నా తప్పులు ఎందుకు తప్పులో డాక్టరు గారు కొంత చెప్పారు, బడి తెరిచాక మన సైన్సు సారు కొంత చెప్పారు. పక్షి నోట్లో నాలుక వెనకాలే గాలిగొట్టం కన్నం ఉంటుంది. మనం పైనుంచి నీళ్ళు పోస్తే అవి అందులోకి పోతాయి. వేటాడే పక్షికి కావలసిన నీరు చాలావరకు మాంసంలోనే దొరుకుతుంది. ఇంక అన్నం దానికి తిండే కాదు. మూడోది నాకు చాలా ఆశ్చర్యంగా అనిపించింది. మనకి ఊపిరి పీల్చడానికి విభాజక పటలం ఉంది, పక్షికి లేదు. రొమ్ము ఎముక కిందికీ పైకీ కదిలితేనే లోపలి గాలి సంచుల్లోకి గాలి వెళ్తుంది. గట్టిగా కౌగిలిస్తే ఆ కదలిక ఆగిపోతుంది. ప్రేమగా పట్టుకుంటున్నామని అనుకున్నాము, దానికి ఊపిరి ఆడనివ్వలేదు!

పట్టుకోవాలంటే పైన గుడ్డ కప్పి, రెక్కలు ముడిచి, కాళ్ళు పట్టుకోవాలి. ముక్కు కంటే గోళ్ళే ప్రమాదం. మా మామ చేతికి ఇంకా మచ్చ ఉంది.

మర్నాడు గార్డు గారితో కలిసి డాక్టరు గారు వచ్చారు. ఎముక విరగలేదు, చర్మం చీలింది అన్నారు. పుండు కడిగి మందు రాశారు. నొప్పి బిళ్ళ నూరి పోద్దామా అని మామ అడిగితే వద్దని కోప్పడ్డారు. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వేసిన పశువులు చచ్చిపోతే, ఆ కళేబరాలు తిని మన దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయంట. 2006లో పశువులకు ఆ మందు నిషేధించారు. రెండు రోజులు పచ్చి కోడిమాంసం చిన్న ముక్కలుగా, ఉప్పు లేకుండా పెట్టాము.

నిజం చెప్తున్నాను, నాకు దాన్ని పెంచుకోవాలని ఉండేది. నా అడుగు చప్పుడుకే నోరు తెరిచేది. గార్డు గారు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇంట్లో ఉంచకూడదు అన్నారు. నేను ముఖం మాడ్చుకున్నాను. తాత మాత్రం "సాయంత్రం గెడ్డ కాడికి రా" అన్నాడు. వెళ్తే ఏరుమద్ది మీద ఈల వినిపించింది. తల్లి ఇంకా అక్కడే తిరుగుతోంది. నేను ఇంక వాదించలేదు.

అవ్వ "మనిషి ముట్టిన పిల్లని తల్లి రానివ్వదు" అంది. డాక్టరు గారు అలా ఏమీ లేదు అన్నారు. అమ్మ చోళ్ళు ఎత్తే గంప ఇచ్చింది. అడుగున కన్నాలు చేసి, పుల్లలు, ఆకులు పరిచి, పిల్లని అందులో పెట్టి, మామ అదే చెట్టు మీద కట్టాడు. మేము దూరంగా చింత కింద కూచున్నాము. ఆ రోజు తల్లి రాలేదు. అవ్వ నా వైపు చూసింది. రెండో రోజు పొద్దున్న తల్లి వచ్చింది, నోట్లో పాము వేలాడుతోంది. సగం లోపల, సగం బయట! తమ్ముడు కేక వెయ్యబోతే నోరు మూశాను.

ఒక మాట. మన హాస్టల్ వెనక చింతచెట్టు కింద ఈకలన్నీ వచ్చిన మైనా పిల్లలు గెంతుతూ కనిపిస్తే పట్టుకుని రావద్దు. అవి ఎగరడం నేర్చుకుంటున్నాయి, తల్లి పైనే ఉంటుంది. కుక్క వస్తే కొమ్మ మీదికి ఎక్కించండి చాలు. రక్తం వచ్చినా, రెక్క వేలాడినా మాత్రం అట్టపెట్టెలో పెట్టి సారుకి చెప్పండి.

జూన్ మొదటి వారంలో గంప ఖాళీ అయింది. కొండ మీద రెండు ఈలలు వినిపిస్తున్నాయి, ఒకటి సన్నగా ఉంది. గంప ఇంకా చెట్టు మీదే ఉంది. చోళ్ళు ఎత్తడానికి గంప లేదని అమ్మ తిడుతోంది.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని